ఎరా ఇస్త్రెఫీ మీద ఎవరికి కోపం, ఎందుకు?

2015 డిసెంబర్ 30న యూట్యూబ్‌లోకి 'బోన్‌బోన్' అనే పాట వచ్చింది. కొసోవో రాజధాని ప్రిష్టినా పక్కనే ఉన్న గెర్మియా పార్కు, ఎటు చూసినా మంచు, ఆ మంచులో బొచ్చు కోటు వేసుకుని బద్ధకంగా ఊగుతూ పాడే ఇరవై ఒక్కేళ్ల అమ్మాయి. పాట ఏ భాషలో ఉందో విన్నవాళ్లలో చాలామందికి తెలియదు. అయినా మళ్లీ మళ్లీ విన్నారు. వ్యూస్ కోట్లు దాటాయి. 2016 ఫిబ్రవరికల్లా సోనీ, అల్ట్రా సంగీత సంస్థలు ఆ అమ్మాయితో ఒప్పందం చేసుకున్నాయి. అదే ఏడాది ఇంగ్లిష్ వెర్షన్ కూడా వచ్చేసింది. పాశ్చాత్య పత్రికలు ఆమెను రిహానాతో పోల్చాయి.

ఎరా ఇస్త్రెఫీ ప్రపంచానికి తెలిసింది అప్పుడే. కానీ ఆమె సొంత ప్రాంతంలో 'గొడవ తెచ్చే పిల్ల' అన్న పేరు అంతకు రెండేళ్ల ముందే, వేరే వీడియోతో వచ్చింది. ఆ గొడవకు ఆమె వేసుకున్న బట్టలు కారణం కాదు, ఆమె నిలబడిన చోటు కారణం. అల్బేనియన్ పాప్ గురించి రాసేవాళ్లు ఎక్కువగా బట్టల దగ్గరే ఆగిపోతారు. అక్కడ ఆగితే ఈ కథలో సగానికి పైగా అర్థం కాదు.

ముందు కొంత నేపథ్యం. మన పాఠకుల్లో చాలామందికి తెలిసిన అల్బేనియన్ ఒక్కరే ఉంటారు, మదర్ థెరిసా. ఆమె పుట్టింది కూడా అల్బేనియాలో కాదు, ఇప్పటి ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యేలో. అల్బేనియన్లు ఒక్క దేశంలో ఇమిడే జనం కాదు. అల్బేనియాలో 2023 జనగణన ప్రకారం ఉన్నది దాదాపు 24 లక్షల మంది. పక్కనే ఉన్న కొసోవోలో సుమారు 16 లక్షల మంది ఉంటే వాళ్లలో అత్యధికులు అల్బేనియన్లే. ఉత్తర మాసిడోనియా, మాంటెనెగ్రో, దక్షిణ సెర్బియాల్లో ఇంకొందరు. స్విట్జర్లాండ్, జర్మనీలకు వలస వెళ్లినవాళ్లు లక్షల్లో ఉన్నారు. కొసోవో 2008 ఫిబ్రవరి 17న స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. అమెరికా, యూరప్ దేశాల్లో ఎక్కువ భాగం గుర్తించాయి. సెర్బియా, రష్యా, చైనా గుర్తించలేదు. మన దేశం కూడా గుర్తించలేదు. బ్రిటిష్ పాప్ గాయని దువా లిపా 2019లో, మళ్లీ 2024లో వచ్చి పాడినప్పుడు ముంబయి ఊగిపోయింది. ఆమె తల్లిదండ్రుల దేశమైన కొసోవో మాత్రం ఢిల్లీ దృష్టిలో ఇంకా సెర్బియాలో భాగమే.

ఎరా 1994లో ప్రిష్టినాలో పుట్టింది. తల్లి సుజానా గాయని, అక్క నోరా కూడా గాయనే. తండ్రి ఎరాకు పదేళ్ల వయసులో చనిపోయారు. ఆమె పుట్టేనాటికి కొసోవోలో అల్బేనియన్ల బతుకు రెండు అంతస్తుల్లో నడుస్తోంది. 1989లో సెర్బియా నాయకుడు మిలోషెవిచ్ ప్రభుత్వం కొసోవో స్వయంప్రతిపత్తిని లాగేసుకుంది. 1990లో ప్రిష్టినా రేడియో టెలివిజన్‌లో అల్బేనియన్ ప్రసారాలు ఆపేసి ఉద్యోగులను బయటికి పంపింది. టీచర్లు, డాక్టర్లు, ప్రొఫెసర్లు వేల సంఖ్యలో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. అప్పటినుంచి ఒక దశాబ్దం పాటు పాఠాలు ప్రైవేటు ఇళ్లలో, నేలమాళిగల్లో నడిచాయి. పాట కూడా అలాగే బతికింది, క్యాసెట్ల మీద, పెళ్లిళ్లలో, విదేశాల్లో ఉన్న బంధువుల హాళ్లలో. 1998-99లో యుద్ధం. 1999 మార్చి 24 నుంచి జూన్ దాకా నాటో బాంబు దాడులు. ఆ కొద్ది నెలల్లో ఎనిమిది లక్షల మందికి పైగా అల్బేనియన్లను సరిహద్దులు దాటించారు. ఎరాకు అప్పుడు ఐదేళ్లు కూడా నిండలేదు.

యుద్ధం తర్వాత ఐక్యరాజ్యసమితి పాలన వచ్చింది, దాని వెంట విదేశీ సైనికులు, ఎన్జీవోలు, కాఫీ బార్లు, శాటిలైట్ చానళ్లు. యువజనమే ఎక్కువగా ఉన్న ఆ చిన్న దేశంలో మ్యూజిక్ వీడియోలు ఓ పరిశ్రమగా మారాయి. ఎరా అందులో పెరిగింది. 2013లో మొదటి పాట, 2014లో అసలు తుఫాను.

పూర్తికాని చర్చి

ఆ పాట పేరు 'ఎ దెహున్'. కొసోవో అల్బేనియన్లు కోకిలగా పిలుచుకునే నెజ్మియే పగరూషా పాడిన పాత పాటను తీసుకుని ఎరా కొత్త లయలో పాడింది. ఇక్కడి వరకు పెద్దలు మూతి ముడిచే వ్యవహారమే తప్ప ఇంకేం లేదు. చిక్కు లొకేషన్‌లో వచ్చింది. వీడియోలో కొంత భాగం ప్రిష్టినా నడిబొడ్డున సగంలో ఆగిపోయిన సెర్బియన్ ఆర్థడాక్స్ చర్చిలో తీశారు. సెర్బియన్ ఆర్థడాక్స్ మత సంస్థ దీన్ని దైవదూషణగా ఖండించింది.

దూరం నుంచి చూస్తే ఇది సులువుగా అర్థమైపోయే గొడవలా ఉంటుంది. ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశం, క్రైస్తవ ఆలయం, అందులో ఆడిపాడిన అమ్మాయి. కానీ మతం కోణంలో చూస్తే లెక్క కుదరదు. అదే ప్రిష్టినాలో, ఆ చర్చికి కొద్ది దూరంలోనే మదర్ థెరిసా పేరుతో పెద్ద కేథలిక్ కెథెడ్రల్ ఉంది. 2005లో శంకుస్థాపన చేసింది అప్పటి అధ్యక్షుడు ఇబ్రహీం రుగోవా. 2017లో దాన్ని ప్రతిష్ఠించారు. అల్బేనియన్లలో ముస్లింలు, కేథలిక్కులు, ఆర్థడాక్స్ వాళ్లు అందరూ ఉన్నారు. వాళ్ల జాతీయవాదం పందొమ్మిదో శతాబ్దం నుంచీ మతాన్ని పక్కన పెట్టి భాష మీద నిలబడింది.

మరి ఈ చర్చితో పేచీ ఏమిటి? అది లేచిన కాలం, లేచిన స్థలం. అల్బేనియన్ విద్యార్థులను యూనివర్సిటీ నుంచి బయటికి నెట్టిన ఆ 1990లలోనే, అదే యూనివర్సిటీ క్యాంపస్‌లో, నేషనల్ లైబ్రరీ పక్కన ఈ కట్టడం మొదలైంది. 1999లో యుద్ధంతో ఆగిపోయింది. గుమ్మటం మీద శిలువ ఉంది, లోపల ఖాళీ ఇటుక గోడలు. స్థలం ఎవరిదన్న తగాదా కోర్టులకెక్కింది. అల్బేనియన్ల కళ్లకు అది గుడి కాదు, తమను తరిమిన ప్రభుత్వం పాతిన జెండా.

సెర్బుల వైపు నుంచి చూస్తే ఇంకో గాయం కనిపిస్తుంది. 2004 మార్చి 17, 18 తేదీల్లో కొసోవోలో అల్లర్లు జరిగాయి. 19 మంది చనిపోయారు, ముప్పైకి పైగా సెర్బియన్ చర్చిలు, మఠాలు దెబ్బతిన్నాయి లేదా కాలిపోయాయి. దెచాని, గ్రచానిత్సా లాంటి మధ్యయుగపు మఠాలు యునెస్కో 'ప్రమాదంలో ఉన్న వారసత్వం' జాబితాలో ఉన్నాయి. అలాంటి జ్ఞాపకం ఉన్న సమాజానికి తమ ఆలయంలో పాప్ వీడియో తీయడం ఆటలా అనిపించదు. ప్రిష్టినాలో మిగిలిన సెర్బులు చాలా కొద్దిమంది. వాళ్లకు ఆ ఖాళీ గోడలు కూడా 'మేం ఇక్కడ ఉండేవాళ్లం' అని చెప్పే ఆనవాలే.

వీడియో తీసినవాళ్లు ఇదంతా ఆలోచించారా? నా అనుమానం, సగమే ఆలోచించి ఉంటారు. ఆ తరం ప్రిష్టినా కుర్రాళ్లకు అది చిన్నప్పటినుంచి చూస్తున్న పాడుబడ్డ కట్టడం, వెలుతురు బాగా పడే చోటు. చరిత్ర తమకు తెలుసు కాబట్టే అక్కడ తీయడంలో కొంత కొంటెతనం ఉంది. దాన్ని పూర్తి అమాయకత్వమని అనలేం. ద్వేషంతో చేసిన పని అనడానికీ నాకు ఆధారం కనిపించదు.

అంతకు ముందు పాడినవాళ్లు చెల్లించిన ధర

ఒక చర్చి ఖండన, కొన్ని పత్రికల తిట్లు. ఎరాకు పడిన శిక్ష ఇంతే. అల్బేనియన్ పాట చరిత్రలో ఇది చాలా చిన్న శిక్ష అని తెలియాలంటే 1972 డిసెంబర్‌కు, అల్బేనియా రాజధాని టిరానాకు వెళ్లాలి.

అల్బేనియా అప్పుడు ఎన్వర్ హోజా కమ్యూనిస్టు నియంతృత్వంలో ఉంది. సోవియట్ యూనియన్‌తో తెగతెంపులు చేసుకుని, 1967లో మతాన్నే నిషేధించిన దేశం. 1962 నుంచి ఏటా రేడియో ఆధ్వర్యంలో పాటల పండుగ జరిగేది. మొదటి ఏడాది గెలిచింది వాచే జేలా. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆ దేశపు గొంతు ఆమెదే. 11వ పండుగకు దర్శకత్వం వహించిన మిహల్లాచ్ లువరాసి వేదికను కాస్త వదులుగా వదిలాడు. సెట్టింగ్ మారింది, గాయకులు కొయ్యబొమ్మల్లా నిలబడకుండా కదిలారు, బాణీల్లో ఇటలీ గాలి తగిలింది. ఆ దేశంలో జనం దొంగచాటుగా ఇటాలియన్ టీవీ పట్టుకుని చూసేవాళ్లు కాబట్టి, అది వాళ్లకు కొత్త కాదు. ప్రేక్షకులకు నచ్చింది.

హోజాకు నచ్చలేదు. 1973లో పార్టీ కేంద్ర కమిటీ సర్వసభ్య సమావేశంలో (ప్లీనం) ఈ పండుగను పట్టుకుని 'విదేశీ పరాయి ప్రభావాల' మీద పెద్ద దాడి మొదలుపెట్టాడు. రేడియో టెలివిజన్ అధిపతి తోది లుబోన్యా, పార్టీ నాయకుడూ నాటక రచయితా అయిన ఫాదిల్ పాచ్రామి పదవులు పోగొట్టుకుని జైలుకెళ్లారు. లువరాసి కూడా జైలుకే. గాయకుడు షెరీఫ్ మెర్దానీ పదేళ్లకు మించి చెరలో గడిపాడు. లుబోన్యా కొడుకు ఫాతోస్, తర్వాతి కాలంలో పేరున్న రచయిత, 17 ఏళ్లు జైళ్లలో ఉన్నాడు. ఇంత శిక్షకు మూలం కొన్ని ప్రేమ పాటలు, కాస్త ఒళ్లు కదపడం.

హోజాకు భయం పాటంటే కాదనుకుంటాను. ప్రజలు తన అనుమతి లేకుండా దేన్నయినా ఇష్టపడగలరని ఆ రాత్రి టీవీలో కనిపించింది, అదీ భయం. ప్లీనంతో ఆగలేదు కూడా. సంస్కృతి తర్వాత సైన్యంలో, ఆర్థిక శాఖల్లో వరసగా ప్రక్షాళనలు జరిగాయి.

ఆ పండుగ నేటికీ ఉంది. 2004 నుంచి అల్బేనియా తరఫున యూరప్ దేశాల పాటల పోటీ యూరోవిజన్‌కు వెళ్లేవాళ్లను ఎక్కువగా అక్కడే ఎంచుతున్నారు. కొసోవో ప్రసార సంస్థకు ఆ పోటీ నడిపే యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్‌లో సభ్యత్వం లేదు కాబట్టి కొసోవో గాయకులకు కూడా అదే దారి. 2012లో బాకూలో అల్బేనియాకు అయిదో స్థానం తెచ్చిన రోనా నిష్లియు మిత్రోవిత్సా పట్టణానికి చెందిన కొసోవో అమ్మాయే. అల్బేనియా అంతకంటే పై స్థానం ఇప్పటిదాకా చూడలేదు.

కమ్యూనిజం 1991లో కూలాక కోపగించేవాళ్లు మారారు. పార్టీ స్థానంలోకి ఇరుగుపొరుగు, బంధువులు, టీవీ చర్చలు వచ్చాయి. 1997లో మిస్ కొసోవో కిరీటం గెలిచి గాయనిగా ఎదిగిన అదెలీనా ఇస్మాయిలీని ప్రిష్టినాలో అమెరికన్ పాప్ తార మడోన్నాతో పోల్చేవాళ్లు. అల్బేనియాలో కోర్చా పట్టణం నుంచి వచ్చిన బ్లెయోనా చెరేతి ఆ పోలికను ఏకంగా వ్యాపార చిహ్నం చేసుకుంది. లాస్ ఏంజెలెస్ వెళ్లి, 2014లో ఒక అమెరికన్ రియాలిటీ షోలో 'అల్బేనియా మడోన్నా'గా కనిపించింది. అవార్డు ఫంక్షన్ల రెడ్ కార్పెట్ మీద పారదర్శకమైన బట్టలతో ఫొటోలకు నిలబడింది. స్వదేశంలో సగం మంది సిగ్గుపడ్డారు, మిగతా సగం 'మన పిల్ల హాలీవుడ్‌లో ఉంది' అన్నారు. ఆ రెండూ అనేవాళ్లు చాలాసార్లు ఒకే మనుషులు.

ఇక్కడ పాశ్చాత్య వ్యాసాల్లో తప్పకుండా ఒక పేరా వస్తుంది: ఉత్తర అల్బేనియా కొండల్లోని 'కానూన్' అనే పాత ఆచార చట్టం, పగలు ప్రతీకారాలు, ఆడవాళ్ల అణచివేత. కానూన్ నిజమే, అణచివేతా నిజమే. కానీ ప్రిష్టినా, టిరానా ఫ్లాట్లలో పెరిగి ఎంటీవీ చూసిన ఆడపిల్లలను వివరించడానికి కొండల చట్టం పనికిరాదు. వాళ్లకు అడ్డొచ్చింది మధ్యతరగతి పరువు, అంతకంటే ఎక్కువగా అవకాశాలు లేని చిన్న మార్కెట్.

మార్కెట్ లెక్క

అల్బేనియన్ మాట్లాడేవాళ్లందరినీ కలిపినా మన పెద్ద జిల్లాలు కొన్నింటి జనాభా అంతే. ఆల్బమ్ అమ్ముకుని బతకడం కుదరదు. గాయకుల ఆదాయం పెళ్లిళ్ల నుంచి, స్విట్జర్లాండ్, జర్మనీల్లోని అల్బేనియన్ నైట్‌క్లబ్బుల నుంచి వస్తుంది. జూలై, ఆగస్టుల్లో వలస వెళ్లినవాళ్లు కొత్త కార్లలో సొంతూళ్లకు తిరిగొస్తారు. స్థానికులు వాళ్లను కొంత వెటకారంగా 'షాట్సీలు' అంటారు. ఆ రెండు నెలల్లోనే పెళ్లిళ్లన్నీ, డబ్బంతా. పెళ్లికి పిలవాలంటే ముందు పేరు తెలియాలి, పేరు తెలియాలంటే వీడియో నలుగురి నోళ్లలో నానాలి. కాబట్టి అక్కడ సంచలనం అంటే తిరుగుబాటు కంటే విజిటింగ్ కార్డు అనుకోవడం మేలు. పాటకంటే ముందు వీడియో బడ్జెట్ గురించి మాట్లాడే పరిశ్రమ అందుకే తయారైంది.

స్పాటిఫై కొసోవోకు, అల్బేనియాకు వచ్చింది 2020 జూలైలో. అంతదాకా ఉన్న ఒకే కిటికీ యూట్యూబ్. 'బోన్‌బోన్' ఆ కిటికీలోంచే బయటికి దూకింది. పైగా అది బడి పుస్తకాల అల్బేనియన్‌లో లేదు. హోజా కాలంలో, 1972 నవంబర్‌లో, దక్షిణాది టోస్క్ మాండలికం ఆధారంగా టిరానాలో ప్రామాణిక భాషను ఖరారు చేశారు. కొసోవో కూడా చదువులకు, వార్తలకు దాన్నే ఒప్పుకుంది. ఇళ్లలో మాత్రం ఉత్తరాది గెగ్ మాండలికమే. ఎరా ఆ ఇంటి భాషలో, ప్రిష్టినా వీధి యాసలో పాడింది. విదేశీ శ్రోతకు ఇది తెలియదు. తెలిసినవాళ్లకు మాత్రం బొచ్చు కోటు కంటే ఆ యాసే ధీమాగా వినిపించింది.

ఆమెకు 2016లో అల్బేనియా అధ్యక్షుడు బుయార్ నిషానీ పౌరసత్వం ఇచ్చారు. దీన్ని గౌరవంగానే ప్రకటించారు, కానీ ఆ కాగితానికి మామూలు ఉపయోగం కూడా ఉంది. అల్బేనియా పాస్‌పోర్టుతో 2010 డిసెంబర్ నుంచి యూరప్ షెంగెన్ దేశాలకు వీసా అక్కర్లేదు. కొసోవో పాస్‌పోర్టుకు ఆ సౌకర్యం 2024 జనవరి 1న గానీ రాలేదు. పాట సరిహద్దులు దాటిన ఎనిమిదేళ్ల తర్వాత, దాన్ని మొదట విన్న ఊరి జనానికి దారి తెరుచుకుంది.

2018 ఫుట్‌బాల్ ప్రపంచకప్ అధికారిక పాటలో నిక్కీ జామ్, విల్ స్మిత్‌ల పక్కన ఎరా గొంతు ఉంది. జూలై 15న మాస్కో లుజ్నికీ స్టేడియంలో ముగింపు వేడుకలో ఆమె పాడింది. కొసోవోను దేశంగానే ఒప్పుకోని రష్యాలో. అదే టోర్నీలో జూన్ 22న కలీనిన్‌గ్రాడ్‌లో స్విట్జర్లాండ్, సెర్బియా తలపడ్డాయి. స్విస్ జట్టులోని గ్రానిట్ జాకా, జెర్దాన్ షాకిరీ ఇద్దరూ అల్బేనియన్ మూలాలున్నవాళ్లు. ఇద్దరూ గోల్స్ కొట్టి, అల్బేనియా జెండాలోని రెండు తలల గద్దను చేతులతో చూపించారు. ఫిఫా ఒక్కొక్కరికీ 10,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసింది. వేదిక మీద అల్బేనియన్ గొంతు కావాలి, మైదానంలో అల్బేనియన్ గద్ద వద్దు. ఫిఫా నిబంధనల పుస్తకంలో దీనికి సమాధానం ఉండొచ్చు, ప్రిష్టినా కాఫీ బార్లలో మాత్రం లేదు.

ఇప్పుడు అల్బేనియన్ గాయనిని వివాదంలోకి లాగాలంటే బట్టలు చాలవు, మ్యాప్ ఒకటి సరిపోతుంది. 2020 జూలైలో యాపిల్ మ్యాప్స్‌లో కొసోవోను దేశంగా చూపించాలన్న పిటిషన్‌ను బ్రిటిష్ గాయని రీటా ఓరా భుజాన వేసుకుంది. ఆమె పుట్టింది ప్రిష్టినాలోనే, ఏడాది పాపగా లండన్ చేరింది. అదే నెలలో దువా లిపా పెట్టిన ఒక ట్వీట్‌లో 'మహా అల్బేనియా' మ్యాప్ ఉన్న బ్యానర్ కనిపించింది. సెర్బియా, గ్రీస్, ఉత్తర మాసిడోనియాల నుంచి మండిపడ్డారు. ద్వేషం తన ఉద్దేశం కాదని ఆమె వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. వేదిక మీద ఎన్నో ఏళ్లుగా ఏం వేసుకున్నా రాని గొడవ, ఒక బొమ్మతో వచ్చింది. ఆ మ్యాప్‌లో పొరుగు దేశాల భూములు కలిసి ఉన్నాయి కాబట్టి ఆ కోపాన్ని కేవలం అసూయ అని కొట్టిపారేయలేం. కొసోవోను మ్యాప్‌లో చూపించమనడం వేరు, పొరుగువాళ్ల ఊళ్లను అందులో కలిపేసుకోవడం వేరు.

'బోన్‌బోన్' స్థాయి విజయం ఎరాకు మళ్లీ దక్కలేదు. రాపర్ ఫ్రెంచ్ మోంటానాతో చేసిన పాటలాంటి ఇంగ్లిష్ ప్రయత్నాలు బాగానే తయారయ్యాయి, కానీ ఎవరైనా పాడగలిగేలా ఉన్నాయి. పెద్ద కంపెనీలు ఆమెలో ఏది కొత్తగా వినిపించిందో దాన్నే ముందుగా గుండ్రంగా చెక్కేశాయని నాకనిపిస్తుంది. దువా లిపా, రీటా ఓరా లండన్‌లో పాప్ నేర్చుకుని, ఆ తర్వాత కొసోవోను ప్రపంచానికి పరిచయం చేశారు. ఎరా కొసోవోలో నేర్చుకుని, ప్రపంచానికి తగ్గట్టు మారమన్న ఒత్తిడిని ఎదుర్కొంది. ప్రయాణ దిశ వేరు, కాబట్టి ముగ్గురినీ ఒకే తూకంలో పెట్టడం సరికాదు.

వినాలనుకునేవాళ్లకు నా సలహా ఇది. ముందు నెజ్మియే పగరూషా 'బరేషా' వినండి. ఆమె భర్త రెజో ముల్లీచీ కట్టిన బాణీ అది, ఆ గొంతు ఎక్కడెక్కడికి వెళ్లగలదో తెలుస్తుంది. తర్వాత 'ఎ దెహున్', వీడియోతో సహా, వెనకాల గోడలు గమనిస్తూ. ఆ తర్వాత అల్బేనియన్ 'బోన్‌బోన్'. ఇంగ్లిష్ వెర్షన్ వినకపోయినా నష్టమేమీ లేదు.